సొమ్మొకడిది, యుద్ధమొకడిది

1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికి ఆ దేశంలో ఉన్న భారతీయులు దాదాపు 1.7 లక్షల మంది. ఇళ్లల్లో వంట చేసే ఆడవాళ్లు, డ్రైవర్లు, మేస్త్రీలు, దుకాణాల్లో కూర్చునేవాళ్లు, ఆఫీసు గుమాస్తాలు. వాళ్లలో కడప జిల్లావాళ్లు, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట వైపు పల్లెలవాళ్లు కూడా ఉన్నారు. చాలామంది బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరుకుని, ఎడారిలో వేసిన గుడారాల్లో రోజులు లెక్కపెట్టుకుని, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగారు. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు గుంతకల్లు, ఎర్రగుంట్ల, కడప, రాజంపేట మీదుగానే పోతుంది కాబట్టి దారి వెతుక్కునే పని లేదు. ఇంటికి పోయి ఏం చెప్పాలన్నదే టెన్షన్. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు అలాగే ఉంది. దానికోసం కుదువపెట్టిన నగలు షావుకారు దగ్గరే ఉన్నాయి. అరబ్బు ఇంట్లో వదిలేసి వచ్చిన పెట్టె, రావలసిన జీతం బాకీ, ఇవన్నీ లెక్కలో రాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

యుద్ధం అంటే మనకు టీవీలో కనిపించేది ట్యాంకులు, క్షిపణులు, తెర మీద ఆకుపచ్చ మెరుపులు. కానీ ప్రతి యుద్ధం వెనకా ఒక బిల్లు ఉంటుంది. అది ఎవరి చేతికి వస్తుంది, ఎవరు కడతారు, ఎవరు తప్పించుకుంటారు అన్నది చూస్తే యుద్ధం చేసిన దేశం గురించి దాని నాయకుల ఉపన్యాసాలకన్నా ఎక్కువ తెలుస్తుంది. అమెరికా విదేశీ యుద్ధాల మీద విమర్శ చాలావరకు అబద్ధాల చుట్టూ, చనిపోయినవాళ్ల సంఖ్య చుట్టూ తిరుగుతుంది. రెండూ ముఖ్యమే. అయితే ఆ విమర్శలో బలమైన భాగం ఖాతా పుస్తకంలో ఉంది. దాన్ని చదవడానికి కడప మంచి చోటు. ఎందుకో కింద తెలుస్తుంది.

కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ల కథలో జనం ఎక్కువగా మరిచిపోయిన భాగం ఒకటుంది. వాళ్లకు పరిహారం వచ్చింది. 1991 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 687వ తీర్మానం చేసింది. కువైట్‌ను అక్రమంగా ఆక్రమించినందువల్ల విదేశీ ప్రభుత్వాలకు, కంపెనీలకు, వ్యక్తులకు కలిగిన ప్రత్యక్ష నష్టానికి ఇరాక్‌దే బాధ్యత అని అందులో రాసింది. ఆ నష్టం లెక్కగట్టి పంచడానికి జెనీవాలో ఒక పరిహార కమిషన్ పెట్టారు. డబ్బు ఎక్కడిది అంటే ఇరాక్ అమ్ముకునే చమురు మీద. మొదట రాబడిలో 30 శాతం కోత. మన విదేశాంగ శాఖలో దీనికోసమే ప్రత్యేక కువైట్ సెల్ అని ఒకటి పనిచేసింది.

దరఖాస్తు ఫారం రూపొందించినవాళ్లు ఒక విషయంలో మాత్రం మెచ్చుకోదగ్గ పని చేశారు. ప్రాణం దక్కించుకుని పారిపోయి వచ్చిన మనిషి దగ్గర జీతం బాకీకి రసీదు ఉండదు, వదిలేసిన సామానుకు బిల్లు ఉండదు. అందుకని అత్యంత సాదా తరగతి దరఖాస్తుకు ఆ రుజువులేవీ అడగలేదు. ఆక్రమణ జరిగిన రోజుకూ 1991 మార్చి 2కూ మధ్య ఇరాక్ నుంచో కువైట్ నుంచో వెళ్లిపోవలసి వచ్చిందని చూపిస్తే చాలు. పాస్‌పోర్టులో ముద్రో, ప్రయాణం చేసినట్టు ఏదో ఒక కాగితమో. ఒంటరి మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 నుంచి 8,000 డాలర్లు. 90ల నడుమ మారకం రేటు చూస్తే 2,500 డాలర్లంటే రూపాయల్లో 85, 90 వేలు. డబ్బు రావడం మొదలయ్యేసరికి ఐదారేళ్లు గడిచాయి. అప్పటికి వడ్డీ అసలును మించిపోయిన ఇళ్లు ఉంటాయి. అయినా, ఎక్కడో యుద్ధంలో నష్టపోయిన ఒక వంటమనిషికి ఆ యుద్ధం మొదలుపెట్టిన దేశం డబ్బు కట్టడం ప్రపంచ చరిత్రలో తరచుగా జరిగే పని కాదు.

ఆ కమిషన్ చివరికి సుమారు 15 లక్షల దరఖాస్తుదారులకు మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది. చివరి కిస్తీ 2022 జనవరిలో కట్టారు. సద్దాంను ఉరి తీసింది 2006 డిసెంబరు 30న. అంటే ఆయన పోయిన 15 ఏళ్ల దాకా ఆయన చేసిన యుద్ధం బాకీని ఇరాక్ జనం కడుతూనే ఉన్నారు. 1992లో బస్రాలో పుట్టిన పిల్లవాడికి కువైట్ ఆక్రమణతో ఏ సంబంధమూ లేదు. వాడి బాల్యమంతా ఆంక్షల్లో గడిచింది, మందులు దొరక్క, నీళ్లు శుద్ధి చేసే సామగ్రి దొరక్క. వాడికి ముప్పై ఏళ్లు వచ్చేదాకా వాడి దేశం చమురులోంచి కోత పడుతూనే ఉంది. మొత్తం పరిహారంలో పెద్ద వాటా పోయింది మనబోటి వలస కూలీలకు కాదు, కువైట్ ప్రభుత్వానికీ దాని చమురు సంస్థలకూ. ఈ ఏర్పాటులో అన్యాయం లేదని ఎవరూ అనలేరు. అయితే సూత్రం మాత్రం స్పష్టంగా ఉంది. పక్క దేశం మీద అక్రమంగా దాడి చేసినవాడు నష్టం కట్టాలి.

ఆ సూత్రానికి పరీక్ష 12 ఏళ్లకే వచ్చింది.

2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో కూర్చుని ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని బొమ్మలు, టేపులు చూపించి వాదించాడు. లారీల మీద తిరిగే జీవాయుధ ప్రయోగశాలల కథ అందులో ఉంది. దానికి ప్రధాన ఆధారం జర్మనీలో ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ చెప్పిన మాట. గూఢచారులు అతనికి పెట్టుకున్న మారుపేరు ‘కర్వ్‌బాల్’. తాను చెప్పింది కట్టుకథని ఆ తర్వాత అతనే ఒప్పుకున్నాడు. హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలోని ఐరాస తనిఖీ బృందం ఇరాక్‌లో తిరుగుతూ ఇంకొంచెం సమయం కావాలని అడుగుతోంది. ఆగలేదు. మార్చి 20న దాడి మొదలైంది. దాడి తర్వాత అమెరికాయే పంపిన సర్వే బృందం దేశమంతా గాలించి, ఆయుధాల నిల్వలేవీ లేవని 2004లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే ఐరాస ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్, ఐరాస చార్టర్ ప్రకారం ఆ యుద్ధం చట్టవిరుద్ధమని అన్నాడు.

నష్టం ఎంత? పత్రికల్లోనో ఆసుపత్రుల్లోనో నమోదై లెక్కకు దొరికిన పౌరుల మరణాలే సుమారు 2 లక్షలు. లెక్కకు దొరకనివి ఇందులో లేవు. అమెరికా సైనికులు 4,500 మంది దాకా చనిపోయారు. వాళ్లకూ ఆ యుద్ధం వల్ల ఒరిగిందేమీ లేదు. 1991లో పెట్టినట్టు దీనికీ ఒక పరిహార కమిషన్ పెట్టారా అంటే లేదు. పెట్టాలని భద్రతా మండలిలో ప్రతిపాదన చేసే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది. చేసినా వీటో ఎవరి చేతిలో ఉందో తెలిసిందే కదా.

దాని బదులు ఉన్నది ‘సంతాప చెల్లింపు’. అమెరికా సైన్యం చేతిలో పొరపాటున ఒక ఇరాకీ పౌరుడు చనిపోతే, అక్కడి కమాండర్ తన విచక్షణతో ఆ కుటుంబానికి కొంత సొమ్ము ఇవ్వవచ్చు. ఇది తప్పు ఒప్పుకోవడం కాదు, చట్టపరమైన బాధ్యత అసలే కాదు, కేవలం సానుభూతి అని నిబంధనలోనే ఉంది. ఒక ప్రాణానికి మామూలుగా ఇచ్చే గరిష్ఠ మొత్తం 2,500 డాలర్లు. 2005 నవంబరులో హదీతా పట్టణంలో అమెరికా మెరైన్ సైనికులు 24 మంది పౌరులను చంపినప్పుడు, వాళ్లలో 15 మంది కుటుంబాలకు కలిపి ఇచ్చింది సుమారు 38,000 డాలర్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. కువైట్ నుంచి ప్రాణాలతో ఇంటికొచ్చిన రాయచోటి మనిషికి, అతని బతుకు చెదిరినందుకు, హక్కుగా దక్కిన కనీస మొత్తం 2,500 డాలర్లు. హదీతాలో ఇంట్లో కూర్చుని ఉండగా చనిపోయిన మనిషికి, దయతో ఇచ్చిన గరిష్ఠ మొత్తం కూడా 2,500 డాలర్లే. మొదటిది చట్టం. రెండోది బక్షీసు. ఓడినవాడికి చట్టం, గెలిచినవాడికి మర్యాద!

ఇదేదో 2003 యుద్ధం చేసిన అధ్యక్షుడు బుష్ కాలానికి మాత్రమే పరిమితమైన జబ్బు అనుకుంటే పొరపాటు. 80లలో మధ్య అమెరికాలోని నికరాగువా ప్రభుత్వాన్ని కూల్చడానికి అమెరికా కాంట్రా అనే తిరుగుబాటు ముఠాలకు డబ్బు, ఆయుధాలు ఇచ్చింది, రేవుల్లో మందుపాతరలు పెట్టించింది. నికరాగువా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పోయింది. 1986 జూన్ 27న తీర్పు వచ్చింది, అమెరికా అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించింది, పరిహారం కట్టాలి అని. అమెరికా ఆ కోర్టు అధికారాన్నే ఒప్పుకోలేదు. తీర్పును అమలు చేయమని భద్రతా మండలిలో పెట్టిన తీర్మానాన్ని వీటో చేసింది. 1991లో, నికరాగువాలో తనకు అనుకూలమైన ప్రభుత్వం వచ్చాక, ఆ ప్రభుత్వమే దావా వెనక్కి తీసుకుంది.

వియత్నాం కథ ఇంకా విడ్డూరం. 1964 ఆగస్టు 4న టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని చెప్పి అమెరికా పార్లమెంటు నుంచి యుద్ధాధికారం తీసుకున్నారు. ఆ రెండో దాడి అసలు జరగనే లేదు. 58 వేల పైచిలుకు అమెరికన్లు, దానికి ఎన్నో రెట్లు వియత్నామీలు చనిపోయాక, 1973 పారిస్ ఒప్పందంలో యుద్ధం చేసిన గాయాలను మాన్పడానికి అమెరికా తోడ్పడుతుందని ఒక అధికరణం రాసుకున్నారు. 325 కోట్ల డాలర్ల సాయం గురించి అధ్యక్షుడు నిక్సన్ ఉత్తరం కూడా రాశాడు. ఒక్క డాలరు రాలేదు. పైగా 1997లో ఏమైందంటే, అమెరికా నిలబెట్టిన దక్షిణ వియత్నాం ప్రభుత్వం అమెరికా దగ్గర చేసిన పాత అప్పులు సుమారు 14.5 కోట్ల డాలర్లను గెలిచిన వియత్నాం కడతానని ఒప్పుకోవలసి వచ్చింది. వాణిజ్య సంబంధాలు కావాలంటే మరి దారి లేదు. తన మీద యుద్ధం చేసినవాడి పక్షాన నిలిచిన ప్రభుత్వం చేసిన అప్పును తానే తీర్చడం!

ఇక్కడ రాయలసీమ పాఠకుడికి ఏదో తెలిసిన వాసన తగలాలి.

ఎందుకంటే ఈ సీమే ఒకప్పుడు ఒక యుద్ధం బిల్లు కింద చేతులు మారింది. 1798లో నిజాం అలీ ఖాన్ తన రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. తన రక్షణకే అని పేరు. జీతాలు మాత్రం నిజాం కట్టాలి, ఏటా 24 లక్షల రూపాయల పైన. ఆ సైన్యం ఎవరి మాట వింటుంది అంటే కంపెనీ మాట. 1799లో అదే సైన్యంతో కలిసి టిప్పు సుల్తాన్ మీదికి పోయి, నిజాం కొంత భూభాగం సంపాదించుకున్నాడు. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. 1800 అక్టోబరు 12న ఇంకో ఒప్పందం. సైన్యాన్ని పెంచారు. దాని ఖర్చుకు శాశ్వతంగా సరిపోయేలా, 1792లో, 1799లో మైసూరు యుద్ధాల వల్ల తనకు దక్కిన ప్రాంతాలన్నీ నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. కడప, అనంతపురం, బళ్లారి, కర్నూలులో కొంత భాగం. వాటికే దత్తమండలాలని, అంటే రాసిచ్చేసిన మండలాలని, పేరు పడింది. అనంతపురంలో 1916లో పెట్టిన కాలేజీకి కూడా మొదట్లో ఆ పేరే ఉండేది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచన మీద రాయలసీమ అన్న పేరు ఖాయమయ్యేదాకా, ఈ ప్రాంతం తన పేరులోనే ఎవరి బాకీకో చెల్లుబడి అయిన సంగతి మోసుకుని తిరిగింది.

కంపెనీ తెలివి ఎక్కడుందో గమనించాలి. ఈ భూమికోసం నిజాంను ఓడించలేదు. దానికోసం అతని మీద ఒక్క తూటా కాల్చలేదు. అతనికి రక్షణ అమ్మింది, ధర పెంచుకుంటూ పోయింది, ధర కట్టలేని స్థితి వచ్చాక భూమి తీసుకుంది. ఆ భూమి మీద వచ్చే శిస్తుతో ఆ సైన్యాన్నే పోషించింది. అంటే సీమ రైతు కట్టిన శిస్తు హైదరాబాదులో కూర్చున్న కంపెనీ పటాలాల జీతం. మొదటి కలెక్టరు థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా పాలెగాళ్లను అణచి, ఊరూరా సర్వే చేయించి శిస్తు నిర్ణయించాడు. ఆయనంటే సీమలో ఇప్పటికీ గౌరవం ఉంది, కొందరు మొక్కుతారు కూడా. ఆ గౌరవం సంగతి ఎలా ఉన్నా, 1807లో వెళ్లిపోతూ ఆయనే చెప్పింది ఏమిటంటే, తాను వేసిన శిస్తు ఎక్కువగా ఉంది, నాలుగో వంతు తగ్గించాలి అని. పైవాళ్లు అప్పుడు వినలేదు. యుద్ధాలకు డబ్బు కావాలి.

ఇరాక్ విషయంలో జరిగింది దీనికి దగ్గరి చుట్టమే. బాగ్దాద్ పడిపోయాక అమెరికా నడిపిన తాత్కాలిక పాలనకు చేతిలో ఉన్న పెద్ద ఖజానా ఇరాక్ చమురు డబ్బే. న్యూయార్కులో ఉన్న ఆ నిధి నుంచి దాదాపు 1,200 కోట్ల డాలర్లు నోట్ల కట్టలుగా చేసి, ప్లాస్టిక్ చుట్టి, పలకల మీద పేర్చి సైనిక విమానాల్లో బాగ్దాద్‌కు మోశారు. ఆ నిధిలో ఇరాక్ మంత్రిత్వ శాఖల ద్వారా ఖర్చయిన సుమారు 880 కోట్ల డాలర్లకు సరైన లెక్క లేదని 2005 జనవరిలో అమెరికా ప్రభుత్వం నియమించిన తనిఖీ అధికారే నివేదిక ఇచ్చాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు మన దగ్గర. ఇక్కడ సోకు బదులు యుద్ధం అనుకోవాలి. 2004 జూన్‌లో తాత్కాలిక పాలకుడు పాల్ బ్రెమర్, వెళ్లిపోయే ముందు ఒక ఉత్తర్వును సవరించి, విదేశీ సైనికులకూ కాంట్రాక్టర్లకూ ఇరాక్ కోర్టుల నుంచి రక్షణ కల్పించి మరీ పోయాడు.

ఆయుధాలు దొరక్కపోవడం గురించి కూడా కర్నూలు ఒక మాట చెప్పగలదు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కంపెనీకి ఏటా కప్పం కట్టుకుంటూ ఉండేవాడు. 1839లో ఆయన రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడని, కంపెనీకి ఎదురు నిలిచిన వహాబీ ముస్లిం ఉద్యమకారులతో కలిసి కుట్ర చేస్తున్నాడని వదంతులు వచ్చాయి. కంపెనీ సైన్యం తనిఖీకి వచ్చింది. కోటలో, జనానా ఆవరణలో ఫిరంగులు, మందుగుండు, పోత పోసే కొలిమి అన్నీ నిజంగానే దొరికాయి. అంత దొరికినా, ఆయన ఎవరి మీదా దండెత్తలేదు. అక్టోబరు 18న జోహరాపురం దగ్గర చిన్న పోరు జరిగింది, నవాబు పట్టుబడ్డాడు, తిరుచిరాపల్లికి పంపారు. అక్కడే 1840లో హత్యకు గురయ్యాడు. రాజ్యం కంపెనీది అయిపోయింది. కర్నూలులో ఆయుధాలు దొరికాయి, సైన్యం ఉండిపోయింది. ఇరాక్‌లో దొరకలేదు, అయినా సైన్యం ఉండిపోయింది. కాబట్టి తనిఖీలో ఏం తేలుతుందన్నది తనిఖీకి వచ్చినవాడికి అంత ముఖ్యం కాదని అర్థమవుతుంది. సామూహిక విధ్వంసక ఆయుధాల గురించి ఇరవై ఏళ్లుగా సాగుతున్న చర్చలో, అవి ఉండి ఉంటే మాత్రం యుద్ధం న్యాయమయ్యేదా అన్న ప్రశ్నను చాలామంది అడగకుండానే వదిలేశారు.

అదే 1839 ఆగస్టులో కంపెనీ సైన్యం కాబూల్‌లోకి ప్రవేశించింది. తమకు నచ్చిన షా షుజాను గద్దె ఎక్కించింది. 1842 జనవరిలో ఆ సైన్యం తిరుగుదారిలో మంచులో తుడిచిపెట్టుకుపోయింది. ఆ యుద్ధం ఖర్చు పడింది లండన్ ఖజానా మీద కాదు, భారతదేశం రాబడి మీద. కంపెనీ ఏలుబడిలోని ప్రతి జిల్లా శిస్తూ కలిసేది ఆ రాబడిలోనే, ఎండకు మాడిన కడప, అనంతపురం చేల శిస్తుతో సహా. 2001 అక్టోబరులో అమెరికా అదే కాబూల్ మీదికి పోయి, 20 ఏళ్లు ఉండి, 2021 ఆగస్టు 30న చివరి విమానం ఎక్కింది. ఆ ఖర్చు 2 లక్షల కోట్ల డాలర్ల పైమాటే. అందులో చాలా భాగం అప్పు తెచ్చి పెట్టింది, ఇంకా వడ్డీ నడుస్తోంది. కాకపోతే అప్పు తెచ్చేది ప్రపంచమంతా దాచుకునే డాలర్లలో కాబట్టి, ఆ భారంలో కొంత ఎక్కడెక్కడికో పాకుతుంది.

గల్ఫ్‌లో ఏం జరిగినా మనకు మొదట తగిలేది చమురు ధర. 1990లో రెండు మూడు నెలల్లోనే ధర రెట్టింపు దాటింది. మన ప్రభుత్వం గల్ఫ్ సర్‌చార్జి అని పెట్రోలు మీద వడ్డించింది. కువైట్ నుంచి ఇంటికొచ్చే డబ్బు ఆగిపోయింది. అసలే బలహీనంగా ఉన్న విదేశీ మారక నిల్వలు కరిగిపోయి, 1991లో దేశం బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది. నగ కుదువపెట్టిన రాయచోటి ఇల్లూ, బంగారం కుదువపెట్టిన ఢిల్లీ ప్రభుత్వమూ ఒకే యుద్ధం దెబ్బ తిన్నాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేసి రాసే అమెరికా వ్యతిరేక వ్యాసాలు కడపలో నిలబడవు. 1991లో అమెరికా సేనలు కువైట్‌ను విడిపించకపోతే కువైట్ అన్న దేశమే ఉండేది కాదు. ఆ యుద్ధానికి ఐరాస అనుమతి ఉంది. విముక్తి తర్వాత మళ్లీ పని దొరికింది. తిరిగి పోయినవాళ్లు, వాళ్ల తర్వాత వాళ్ల చెల్లెళ్లు, కొడుకులు, ఖాదిం (ఇంటిపని) వీసాల మీద, డ్రైవర్ వీసాల మీద పోయినవాళ్లు పంపిన దినార్లతోనే రాయచోటి చుట్టుపక్కల మేడలు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి, ఎండిపోయిన బోరు పక్కన ఇంకో బోరు పడింది. ఊళ్లో పెళ్లికి పోతే ఇప్పటికీ ఎవరో ఒకరు కువైట్ నుంచి వచ్చిన పూల కంబళి, పాలపొడి డబ్బా, తలనొప్పి నూనె సీసాలు బంధువులకు పంచుతుంటారు. కువైట్ యజమానికి అమెరికా అంటే రక్షకుడు. ఆ ఇంట్లో వంట చేసే మనిషి ఆ మాట రోజూ వింటుంది. ఆమెకు అదే నిజం.

కానీ అదే కువైట్ నేల 2003 దాడికి ప్రధాన స్థావరం అయింది. ఇరాక్ ప్రయోగించిన క్షిపణుల్లో ఒకటి 2003 మార్చి 29న కువైట్ సిటీలో ఒక షాపింగ్ మాల్ దగ్గర పడింది. ఆ రోజుల్లో కడప ఎస్టీడీ బూతుల ముందు నిలబడి నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడినవాళ్లకు బాగ్దాద్‌లో ప్రజాస్వామ్యం గురించి దిగులు లేదు. “ఆ ఇంట్లోవాళ్లు నీకు గానీ మాస్కు ఇచ్చినారా లేదా” అన్నదే ప్రశ్న. 2004లో కువైట్ కంపెనీ కింద లారీలు నడుపుతూ ఇరాక్‌లోకి పోయిన ముగ్గురు భారతీయులను మిలిటెంట్లు ఎత్తుకుపోయారు. వారాల తర్వాత వదిలారు. అదే వేసవిలో 12 మంది నేపాలీ కార్మికులను చంపేశారు. ఆ యుద్ధానికి సరుకు మోసిందీ, ఆ స్థావరాల్లో వంట చేసిందీ, గిన్నెలు కడిగిందీ చాలావరకు మన ఉపఖండపు కూలీలే. యుద్ధంలో చనిపోయిన కాంట్రాక్టు కూలీల పేర్లు సైనిక స్మారకాల మీద ఉండవు.

భారత ప్రభుత్వం ఈ కథలో ఎక్కడ నిలబడింది? 1991 జనవరిలో చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలను ఇక్కడ ఆగి ఇంధనం నింపుకోనిచ్చింది. గొడవ పెద్దదయ్యాక ఫిబ్రవరిలో ఆపింది. 2003 ఏప్రిల్‌లో ఇరాక్ యుద్ధం మీద పార్లమెంటు తీర్మానం చేసింది. హిందీలో ‘నింద’ అని రాసి, ఇంగ్లీషులో అంతకన్నా మెత్తటి మాట పెట్టుకున్నారు. ఆ మాట ఏది పెట్టాలన్న దాని మీద పార్టీలు రోజుల తరబడి వాదించుకున్నాయి. అయినా వాజ్‌పేయి ప్రభుత్వం ఒక పెద్ద పని చేసింది. సైన్యం పంపమని అమెరికా గట్టిగా అడిగినా, 2003 జూలైలో కుదరదని చెప్పింది. పంపి ఉంటే కర్నూలు, అనంతపురం పల్లెల్లోకి మోసూల్ నుంచి పెట్టెలు వచ్చేవి.

అమెరికాకు పెట్టిన కొలబద్ద మనకూ పెట్టుకోవాలి కదా. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతి సేన పేరుతో మన సైన్యం ఉంది. 1,100 మందికి పైగా జవాన్లు చనిపోయారు. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయిన ఘటన మీద మన సైన్యంపై వచ్చిన ఆరోపణలకు ఇప్పటికీ సరైన విచారణ లేదు. పరిహారం అన్న మాట మన దగ్గర పెద్దగా వినపడలేదు. బలం ఉన్నవాడు బిల్లు కట్టడన్నది అమెరికాకే చెందిన గుణం కాదు. అమెరికాకు బలం ఎక్కువ, యుద్ధాలు ఎక్కువ, అంతే.

2022 ఫిబ్రవరి 22న, ఇరాక్ బాకీ పూర్తిగా తీరింది కాబట్టి, భద్రతా మండలి ఆ పరిహార కమిషన్‌ను మూసేస్తూ తీర్మానం చేసింది. రెండు రోజులకు రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగింది. ఆ ఏడాది నవంబరులో రష్యా నష్టపరిహారం కట్టాలని ఐరాస సర్వసభ్య సభలో తీర్మానం పెడితే, అమెరికా అనుకూలంగా ఓటు వేసింది. భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. ఉక్రెయిన్ నష్టాన్ని నమోదు చేయడానికి హేగ్‌లో ఒక రిజిస్టరు కూడా తెరిచారు. నష్టాల పుస్తకం తెరవడం ప్రపంచానికి చేతకాని పనేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఎవరి పేరు మీద తెరవాలన్న దగ్గరే కలం ఆగుతుంది.

2025 జూన్ 22న అమెరికా బాంబర్లు ఇరాన్‌లో ఫోర్దో సహా మూడు అణు కేంద్రాల మీద బాంబులు వేశాయి. మరుసటి రోజు రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం మీదికి క్షిపణులు వదిలింది. కువైట్ సహా గల్ఫ్ దేశాలు కొన్ని గంటలపాటు తమ గగనతలం మూసేశాయి. విమానాలు దారి మళ్లాయి, కొన్ని బయల్దేరిన చోటికే తిరిగొచ్చాయి. ఇలాంటి రాత్రి సెలవు ముగించుకుని పనిలోకి పోవలసిన రాయచోటి మనిషి విషయం చూడండి. చెన్నై విమానాశ్రయం దాకా కారు బాడుగకు తీసుకున్నాడు, అక్కడికి వెళ్లాక విమానం లేదన్నారు. టికెట్ డబ్బు విమాన సంస్థ ఎప్పటికో వెనక్కి ఇస్తుంది. ఆలస్యమైనందుకు కఫీల్ (అక్కడి యజమాని) జీతంలో కోసుకున్నది తిరిగి రాదు. కారు డ్రైవరు మాత్రం రాను, పోను రెండు బాడుగలూ అక్కడికక్కడే అడిగి తీసుకుంటాడు. అతని డీజిలు ఖర్చయింది మరి.